టోల్ రోడ్డు ప్లానింగ్‌లో స్థానికుల మాట చెల్లాలంటే: ఎప్పుడు అడగాలి, ఏం అడగాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తమ ప్రాంతం మీదుగా కొత్త టోల్ రోడ్డు వస్తోంది. అధికారులు సభలు పెట్టారు, అందరి అభ్యంతరాలూ రాసుకున్నారు. తర్వాత విడుదల చేసిన మ్యాపులో గీత ఎక్కడా జరగలేదు. అక్కడ ఉండేవాళ్ల మాట నిజంగా లెక్కలోకి రావాలంటే ఏం చేయాలి?

రోడ్డు ప్రాజెక్టుల్లో ప్రజలతో సంప్రదింపుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. సభకు ఎంతమంది వచ్చారు, ఎంత గట్టిగా మాట్లాడారు అన్నదాన్ని బట్టి ఫలితం రావడం చాలా అరుదు. ఆ రోజుకి ఏ నిర్ణయం ఇంకా తేలకుండా ఉందన్నదే అసలు విషయం. తేలిపోయిన సంగతి మీద వెయ్యి మంది సంతకాలు పెట్టినా అవి ఫైల్లో చేరతాయి, అంతే. తేలని సంగతి మీద నలుగురు సరైన కాగితం ఇచ్చినా డిజైన్ మారుతుంది. రెండూ చూశాను.

టోల్ రోడ్డు విషయంలో నిర్ణయాలు ఒక వరుసలో జరుగుతాయి. రోడ్డు అవసరమా, ఏ దిక్కుగా పోవాలి అన్నది మొదట. తర్వాత అలైన్‌మెంట్, అంటే రోడ్డు గీత సరిగ్గా ఏ చోట్ల మీదుగా పోవాలన్నది. ఆ తర్వాత డబ్బు ఎక్కడిది, టోల్ పెట్టాలా వద్దా. దానికి ఆధారంగా ట్రాఫిక్ అంచనా. పిమ్మట టెండరు పత్రాలు, ఒప్పందం, భూసేకరణ, నిర్మాణం, చివరికి రేట్లు. చాలా చోట్ల జనాన్ని పిలిచేది అలైన్‌మెంట్ ఖాయమయ్యాక, భూమి తీసుకోబోయే ముందు. అప్పటికి మాట్లాడటానికి మిగిలేది పరిహారం ఒక్కటే. అందుకే ఆ సభల్లో మాటలన్నీ రెండే రకాలుగా ఉంటాయి: 'మాకు వద్దు', 'ఇంకా ఎక్కువ ఇవ్వండి'. ఈ రెండిటికీ గీతను జరిపే బలం లేదు.

పర్యావరణ విషయాల్లో ప్రజల భాగస్వామ్యం మీద 1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో ఐరోపా దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో 6వ అధికరణం చెప్పేది సూటిగా ఉంటుంది: ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్నప్పుడే, ముందుగానే జనాన్ని పిలవాలి. మన ప్రాజెక్టు ఏ దేశంలో ఉన్నా మొదటి ఉత్తరంలో ఇదే అడగాలి. ఎన్ని దారులు పరిశీలించారు, వాటిని దేని ఆధారంగా పోల్చారు, ఏది ఎందుకు వదిలేశారు? ఈ పోలిక కాగితం చూపించలేకపోతే ఆ సభ నోటీసు మాత్రమే, సంప్రదింపు కాదు. అలాగే లిఖితపూర్వకంగా అనండి.

ఇంతవరకు ఏ రోడ్డుకైనా వర్తిస్తుంది. టోల్ రోడ్డుకి ఇంకో చిక్కుంది, దాన్ని స్థానికులు దాదాపు ఎప్పుడూ పట్టించుకోరు. మామూలు రోడ్డు తప్పుగా వేస్తే పదేళ్లకైనా సరిచేసుకోవచ్చు. టోల్ రోడ్డు మీద అప్పు ఉంటుంది, ఆ అప్పుకి హామీ రేపటి వాహనాలే. పాతిక, ముప్పై, ముప్పై ఐదేళ్ల పాటు వాహనాలు ఆ గేటు దాటి తీరాలి. కాబట్టి తర్వాత మీరు ఏది అడిగినా, పక్కన ఇంకో రోడ్డు వెడల్పు చేయమన్నా, కొత్తగా ఒక ఎక్కే దారి ఇమ్మన్నా, కంపెనీ ఆదాయానికి నష్టం అన్న మాట వస్తుంది. ఆ మాటకు విలువ కట్టేది ఒప్పందంలోని షరతు. ఆ షరతు రాసే గదిలో స్థానికులు ఉండరు, వాళ్ల తరఫున అడిగేవాళ్లూ ఉండరు.

కాలిఫోర్నియాలో స్టేట్ రూట్ 91 సంగతి చూడండి. విపరీతమైన రద్దీ ఉండే ఉచిత ఫ్రీవే మధ్యలో ఒక ప్రైవేటు కంపెనీ 1995 డిసెంబరులో సుమారు 16 కిలోమీటర్ల టోల్ లేన్లు తెరిచింది. కంపెనీకి 35 ఏళ్ల హక్కు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: అటూ ఇటూ మైలున్నర దూరం వరకు రాష్ట్రం తన రోడ్డు సామర్థ్యం పెంచకూడదు. నాలుగేళ్లు తిరిగేసరికి పక్కనున్న ఉచిత లేన్లు మళ్లీ కిక్కిరిసిపోయాయి, ప్రమాదాలు ఎక్కువయ్యాయని రాష్ట్ర రవాణా శాఖ కొత్త లేన్లు కలపబోయింది. కంపెనీ దావా వేసింది, శాఖ వెనక్కి తగ్గింది. రోజూ ఆ దారిన పనికి పోయేవాళ్లకి అప్పుడు తెలిసింది, తమ రోడ్డు బాగు చేయకూడదని తమ ప్రభుత్వమే రాసిచ్చిందని. చివరికి ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 2003లో 20 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించి ఆ లేన్ల హక్కు కొనుక్కుంటే తప్ప ఆ షరతు పోలేదు. ఆ వాక్యం డ్రాఫ్టులో ఉండగా ఎవరైనా చదివి అడిగి ఉంటే ఆ ఖర్చులో ఎంత మిగిలేదో ఊహించండి.

సిడ్నీలో క్రాస్ సిటీ టన్నెల్ 2005 ఆగస్టులో తెరిచారు. పొడవు 2.1 కిలోమీటర్లు. నేల మీద ఉన్న వీధుల్ని ఇరుకు చేసి, కొన్ని మలుపులు మూసేసి, వాహనాల్ని సొరంగంలోకి మళ్లించే ఏర్పాటు కూడా ఆ ప్రాజెక్టులో భాగమే. నగరం మధ్యలో వీధుల్లో రద్దీ తగ్గించడానికే అన్నారు. జనం మాత్రం, 'డబ్బు కట్టించడానికే మా దారి మూశారు' అనుకున్నారు. ఒప్పందం వివరాలు ఆలస్యంగా బయటకి రావడంతో ఆ అనుమానం ఇంకా బలపడింది. రోజుకి 90 వేల వాహనాలు వస్తాయని లెక్కవేస్తే వచ్చింది 30 వేల దరిదాపుల్లో. మరుసటి ఏడు కొన్ని వీధి మార్పుల్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, 2006 డిసెంబరుకల్లా కంపెనీ అప్పులవాళ్ల చేతికి పోయింది. వీధి ఇరుకు చేయడం మంచిదో చెడ్డదో అన్న చర్చ ముందే జరిగి ఉంటే కొంతమంది ఒప్పుకునేవారేమో. దాచిపెట్టి చేసేసరికి ఒప్పుకోవాల్సినవాళ్లు కూడా ఎదురుతిరిగారు.

మన దేశంలో ఢిల్లీ–నోయిడా డైరెక్ట్ ఫ్లైవే ఇంకో రకం పాఠం. 2001లో తెరిచారు. ఒప్పందంలో కంపెనీకి ఏటా 20 శాతం రాబడి లెక్క పెట్టారు, అంత రాకపోతే తగ్గిన మొత్తం మళ్లీ ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది. దాంతో ఏళ్ల తరబడి టోల్ వసూలవుతున్నా వసూలు కావలసిన మొత్తం పెరుగుతూనే పోయింది. నోయిడా నివాసుల సంఘాల సమాఖ్య కోర్టుకెక్కితే 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వసూలు ఆపించింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఒప్పందం కుదిరింది 1997లో. అంటే ఆ ఒక్క లెక్క తేలడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

అందుకే నా సలహాలో మొదటిది ఇదే: టెండరు పిలవక ముందు డ్రాఫ్టు ఒప్పందంలో ప్రజల మీద ప్రభావం చూపే షరతుల్ని బయటపెట్టమని అడగండి. మొత్తం ఒప్పందం అడిగితే 'వ్యాపార రహస్యం' అంటారు. లాభం లెక్కలు పక్కన పెట్టి, ఈ సంగతులు మాత్రం విడిగా అడగండి. చుట్టుపక్కల ఉచిత రోడ్ల మీద ఏవైనా ఆంక్షలున్నాయా? ఉంటే ఎంత దూరం, ఎన్నేళ్లు? ఇప్పుడున్న దారుల్లో ఏవి మూస్తారు? టోల్ ఎప్పుడు ఆగుతుంది, ఆ తేదీని పొడిగించే వీలుందా, ఉంటే ఏ సందర్భంలో? రేటు పెంచే సూత్రం ఏమిటి? తర్వాత కొత్త అండర్‌పాసో సర్వీసు రోడ్డో కావాలంటే ఎవరి ఖర్చు? వీటిలో వ్యాపార రహస్యం ఏదీ లేదు. ఈ ప్రశ్నలకి లిఖితపూర్వకంగా జవాబు రాబట్టడం పది సభలకంటే ఎక్కువ పని చేస్తుంది.

ట్రాఫిక్ అంచనా గురించి. ఇది ఇంజనీర్ల సొత్తు అని జనం వదిలేస్తారు. వదలకండి. ప్రపంచవ్యాప్తంగా 104 టోల్ ప్రాజెక్టుల్ని అప్పులకు రేటింగ్ ఇచ్చే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ పరిశీలిస్తే, మొదటి ఏడాది నిజంగా వచ్చిన వాహనాలు సగటున అంచనాలో నాలుగింట మూడు వంతుల పైచిలుకే ఉన్నాయి. అంటే ఎక్కువగా చూపించడం వైపే మొగ్గు. ఎందుకంటే ఎక్కువ వాహనాలు చూపిస్తేనే అప్పు పుడుతుంది, ఎక్కువ చూపించినవాడే టెండరు గెలుస్తాడు. స్థానికులకి దీని వల్ల రెండు నష్టాలు. అంచనా తప్పితే గడువు పొడిగింపు, రేటు పెంపు అంటూ భారం వాళ్ల మీదికే వస్తుంది. రెండోది, ఆ లెక్కలో స్థానికుల రాకపోకలు ఎక్కడ కలిశాయో ఎవరూ చెప్పరు. పొలానికి, బడికి, ఆసుపత్రికి రోజుకి రెండుసార్లు ఆ ముక్క దాటేవాడు కూడా దూర ప్రయాణికుడితో సమానంగా ఆదాయం పద్దులోనే ఉండవచ్చు.

దీనికి మీ దగ్గర ఉన్న ఆయుధం సొంతంగా లెక్కపెట్టడం. పెద్ద పనేం కాదు. ప్రతిపాదిత గేటు చోటుకి దగ్గర్లోని కూడలిలో, మామూలు పనిరోజున, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా కూర్చోవాలి. ప్రతి పావుగంటకీ ఒక గడి. ద్విచక్ర వాహనాలు, కార్లు, ట్రాక్టర్లు, బస్సులు, లారీలు విడివిడిగా గీతలు పెట్టాలి. అటు పోయేవి ఒక కాగితం, ఇటు వచ్చేవి ఇంకో కాగితం. సంతదినాన ఇంకోసారి, పంటకోతల కాలంలో మరోసారి. ఆ కాగితాల ఫొటోలు తేదీతో సహా ఉంచుకోండి. ట్రాఫిక్ అంచనా వేసిన కన్సల్టెంటు లెక్కతో పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు అధికారి స్వరం మారడం నేను చూశాను. అప్పటిదాకా 'ప్రజల భావోద్వేగాలు' అన్న శీర్షిక కింద ఉన్నది 'గణాంకాలలో వ్యత్యాసం' కిందకి మారుతుంది. రెండోదానికి జవాబు చెప్పక తప్పదు.

అలైన్‌మెంట్ మీద అభ్యంతరం రాసేటప్పుడు కూడా ఇదే సూత్రం. 'మా ఊరికి తీరని నష్టం' అని రాస్తే 'పరిశీలించబడును' అని జవాబు వస్తుంది. ఒక సభలో ఒక రైతు లేచి డ్రాయింగు మీద వేలు పెట్టి అడిగాడు: 'ఇక్కడ కింద దారి ఎత్తు మూడు మీటర్లన్నారు. గడ్డి లోడు చేసిన మా ట్రాలీ అంతకంటే ఎత్తు. అది ఎటు పోవాలి?' ఇంజనీరు దగ్గర జవాబు లేదు. పక్క అండర్‌పాస్‌కి పోవాలంటే చుట్టుతిరుగుడు ఎన్ని కిలోమీటర్లో అక్కడికక్కడే కొలిచారు. ఆ అండర్‌పాస్ ఎత్తు మారింది. అదే సభలో అంతకుముందు గంటసేపు జరిగిన అరుపుల వల్ల ఏదీ మారలేదు. అందుకని ప్రతి అభ్యంతరానికీ చోటు చెప్పండి (ఏ కిలోమీటరు రాయి దగ్గర), అడ్డుపడే పని చెప్పండి, కొలత చెప్పండి, మీకు తోచిన మార్పు చెప్పండి. వానాకాలంలో నీళ్లు ఎటు పారతాయో తప్పకుండా రాయండి. ఎత్తయిన రోడ్డు కట్ట నీటికి ఆనకట్ట అవుతుంది, వేసవిలో సర్వే చేసినవాళ్లకి అది కనిపించదు. ఇది ఊళ్లోవాళ్లకే తెలిసిన సంగతి.

అడిగిన ప్రతిదానికీ ఒక వరుసలో అభ్యంతరం, పక్కన జవాబు, దాని పక్కన డిజైన్‌లో ఏం మార్చారు లేదా ఎందుకు మార్చలేదు, ఇలా పట్టిక ప్రచురించమని కోరండి. నా అనుభవంలో ఈ పట్టిక ఉన్న చోట, లేని చోట మధ్య తేడా చాలా ఎక్కువ. 'మార్చలేదు' అన్న మాట పక్కన కారణం రాయాల్సి వస్తే అధికారి కూడా ఒకసారి ఆలోచిస్తాడు.

ఇక స్థానికులంటే ఎవరు? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ చాలా ప్రాజెక్టులు ఇక్కడే అన్యాయంగా తయారవుతాయి. భూమి పోయేవాళ్లకి నోటీసు వస్తుంది. గేటు పక్కన ఉండి రోజూ దాటేవాళ్లు సభకి వస్తారు. మూడో గుంపు ఒకటుంది, వాళ్లని ఎవరూ పిలవరు: టోల్ తప్పించుకోవడానికి లారీలు మళ్లే పాత రోడ్డు మీద ఇళ్లున్నవాళ్లు. గేటు పది కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, వాళ్ల గుమ్మం ముందు మాత్రం రాత్రంతా లారీలే. వాళ్ల వీధి ఆ మ్యాపులోనే ఉండదు. మళ్లింపు ట్రాఫిక్ ఎంత, ఏ రోడ్ల మీద అన్న లెక్క లేకుండా ఏ టోల్ ప్రణాళికా పూర్తి కాదని నేను గట్టిగా నమ్ముతాను. కౌలుకి చేసేవాళ్లు, అద్దెకుండేవాళ్లు, రోడ్డు దాటి కూలికిపోయే ఆడవాళ్లు కూడా పట్టా కాగితాల్లో కనిపించరు. మీరు సంఘం పెట్టుకుంటే ఈ మనుషుల్ని మొదటి రోజే కూర్చోబెట్టండి. పట్టాదారులు మాత్రమే ఉన్న సంఘం పరిహారం దగ్గర ఆగిపోతుంది.

ఓటింగు పెట్టమనడం గురించి కొందరు అడుగుతారు. హద్దులు ఎక్కడ గీస్తారన్నదే అక్కడ ఫలితాన్ని తేల్చేస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా నారోస్ రెండో వంతెనకి టోల్ పెట్టడం మీద 1998లో పలు కౌంటీల ఓటర్లని సలహా అడిగారు, సుమారు 53 శాతం సరేనన్నారు. రోజూ వంతెన దాటాల్సిన గిగ్ హార్బర్ వైపు మాత్రం వ్యతిరేకత బలంగా ఉంది. ఎప్పుడో ఒకసారి దాటేవాళ్లు రోజూ కట్టేవాళ్ల తరఫున సరేననేశారు. స్టాక్‌హోంలో దీనికి తలకిందులు: నగరంలోకి వచ్చే వాహనాల మీద రుసుము విషయంలో 2006 సెప్టెంబరులో నగరవాసులు ఒప్పుకున్నారు, విడిగా ఓటింగు పెట్టుకున్న చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో ఎక్కువ చోట్ల వద్దన్నారు.

అయినా స్టాక్‌హోం నుంచి నేర్చుకోదగ్గది ఉంది. ఓటు ముందు పెట్టలేదు. 2006 జనవరి నుంచి జూలై ఆఖరు దాకా నిజంగా వసూలు చేసి చూపించారు, వాహనాల రాకపోకలు సుమారు ఐదో వంతు తగ్గాయి, ఆ తర్వాత అడిగారు. ఎడిన్‌బరోలో అలాంటి రుసుము మీదే అంతకుముందు ఏడాది ఏ ప్రయోగమూ లేకుండా ఓటింగు పెడితే నూటికి 74 మంది వద్దన్నారు. ఇప్పటికే ఉన్న రోడ్డు మీద రుసుము పెడుతుంటే ఇలా గడువుతో కూడిన ప్రయోగం అడగవచ్చు. కొత్తగా కట్టే రోడ్డుకి ఆ వీలుండదు.

ఉన్న రోడ్డు బాగుచేసి తర్వాత టోల్ అనడం అన్నిటికంటే ప్రమాదకరం. దక్షిణాఫ్రికాలోని గౌటెంగ్ రాష్ట్రంలో ఫ్రీవేలని 2010 ప్రపంచకప్ ముందు వెడల్పు చేశారు, ఎలక్ట్రానిక్ టోల్ 2013 డిసెంబరులో మొదలైంది. పత్రికల్లో ప్రకటనలిచ్చి అభిప్రాయాలు కోరామని ప్రభుత్వం చెప్పింది, కోర్టుల్లో కూడా చివరికి టోల్ ఆగలేదు. కానీ మాకు చెప్పలేదన్న భావన జనంలో అలాగే ఉండిపోయింది. అత్యధికులు బిల్లులు కట్టలేదు. 2024 ఏప్రిల్‌లో వ్యవస్థనే ఆపేశారు, అప్పు మాత్రం మిగిలింది. చట్టప్రకారం చేసిన సంప్రదింపు, జనం అంగీకారం ఒకటి కావనడానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ నాకు తెలియదు. స్కాట్లాండ్‌లోని స్కై వంతెన కూడా అంతే. 1995లో వంతెన తెరిచిన రోజే పడవ సర్వీసు ఆపేశారు, దగ్గర్లో ఇంకో దారి లేని ద్వీపవాసులు ఏళ్ల తరబడి పోరాడారు, 2004 డిసెంబరులో టోల్ ఎత్తేశారు. టోల్ లేని దారి మిగలనప్పుడు టోల్ అనేది ధర కాదు, పన్ను అని వాళ్లు అన్నదాంట్లో న్యాయం ఉంది.

రోడ్డు వద్దనే హక్కు మీకు లేదని నేను అనడం లేదు. టెక్సాస్‌లో 2002లో ప్రతిపాదించిన ట్రాన్స్-టెక్సాస్ కారిడార్ వెడల్పు కొన్ని చోట్ల 1,200 అడుగులు. ఊరూరా జరిగిన సభల్లో వేలమంది వద్దన్నారు, 2009లో ఆ ఆలోచనని విరమించుకున్నట్టు రవాణా శాఖ ప్రకటించింది, 2011లో చట్టం నుంచి కూడా తీసేశారు. కానీ వద్దనడమే మీ మాట అయితే మొదటి దశలోనే, అవసరం అన్న ప్రశ్న మీదే అనండి. అలైన్‌మెంట్ తేలాక కూడా అదే పట్టు పట్టుకుని కూర్చుంటే అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు, పాస్‌లు అడిగే సమయం చేజారుతుంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఆ రోడ్డు మీద దూరం నుంచి వచ్చే అంబులెన్సు, సరుకు లారీ కూడా ఎవరో ఒకరి అవసరమే. వాళ్లకీ ఆ సభలో గొంతు లేదు. మీ కాగితంలో ఆ సంగతి గుర్తించినట్టు ఒక పేరా ఉంటే మిగతా పేరాల్ని శ్రద్ధగా చదువుతారు.

రోడ్డు తెరిచాక కూడా ఒక కుర్చీ అడగండి. టకోమా నారోస్‌లో ఓటింగు తీరు నాకు నచ్చలేదు గానీ, తర్వాత పెట్టిన ఏర్పాటు నచ్చింది: ఆ ప్రాంతంలో నివసించే తొమ్మిది మందితో ఒక పౌర సలహా సంఘాన్ని చట్టంలోనే రాశారు. టోల్ రేటు మార్చేముందు ఆ ప్రతిపాదనను పరిశీలించడానికి వాళ్లకి కనీసం 20 రోజులు ఇవ్వాలి. వాళ్ల మాట శిరోధార్యం కాదు, సలహానే. కానీ రేటు ఎందుకు పెరుగుతోందో లెక్క వాళ్ల ముందు పెట్టక తప్పదు.

ప్రశ్న అడిగినవారి పరిస్థితి నాకు అర్థమైనంతవరకు, మీరు అలైన్‌మెంట్ దశ దాటారు, టెండరు ఇంకా పిలవలేదు. అంటే గీత కోసం పోరాటం కష్టం, షరతుల కోసం పోరాటానికి ఇదే సమయం. ఈ వారంలోనే మూడు కాగితాలు అడుగుతూ ఉత్తరం పెట్టండి: ప్రత్యామ్నాయాల పోలిక, మళ్లింపు ట్రాఫిక్‌తో సహా ట్రాఫిక్ నివేదిక, పైన చెప్పిన ఒప్పందం షరతులు. మీ దగ్గర సమాచార హక్కు చట్టం ఉంటే ఆ దారిలో కూడా ఒక దరఖాస్తు వేయండి. ప్రభుత్వానికీ, ప్రాజెక్టుకి అప్పివ్వబోయే బ్యాంకులకీ నకళ్లు పంపండి, బ్యాంకులు ఇలాంటి కాగితాల్ని చాలా జాగ్రత్తగా చదువుతాయి. ఈలోగా కూడలి దగ్గర లెక్కపెట్టే పని మొదలుపెట్టండి. జవాబులు వచ్చాక ఇక్కడే పెడితే షరతుల భాష చదవడంలో నేను సాయం చేస్తాను.